రెండు కొలతలు పడిన తూటా

కోల్డ్ ఫోర్క్ సీసపు గనిలో సమ్మె మొదలై పదమూడు వారాలయింది. కొట్టువాడు అరువు ఆపాడు. యూనియన్ నిధి బంగాళాదుంపలకే చాలడం లేదు. రేపు ఆదివారం పొద్దు పొడిస్తే ఎల్క్ వేట మొదలు. గుర్రమంత దుప్పి అది, ఒక్కటి పడితే ఒక ఇంటికి చలికాలం గడిచిపోతుంది. కొట్టులో తూటాలు కొనే స్థోమత ఎవరికీ లేదు గనక రూబెన్ ట్రెలోర్ తన షెడ్డులో సీసం కరగబెట్టి నూట ఇరవై తూటాలు కట్టాడు. తనదాంతో కలిపి పది ఇళ్లకు, ఇంటికి పన్నెండు చొప్పున, శుక్రవారం సాయంత్రం పంచాడు. శనివారం మధ్యాహ్నం షెడ్డు ఊడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. చీపురు చేతిలోనే ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. పోయిన వారం మనం అతన్ని వదిలింది అక్కడే.

నేల మీద తుపాకీ మందు రాలి లేదు. బల్ల కింద లేదు, పలకల సందుల్లో లేదు. అదీ అతని భయం.

సీసం తవ్వే ఊళ్లో గుండు పోసుకోవడానికి సీసం కరువు. తవ్విందంతా కంపెనీది. రూబెన్ పాత టైర్ల చక్రాలకు బిగించే బరువులు ఏరుకొచ్చాడు. మూతపడిన యూనియన్ పత్రిక అచ్చు అక్షరాలు రెండు బకెట్లు అందులో కలిపాడు. ఆ లోహం గట్టిది, గుండుకు మంచి అంచు వస్తుంది. పోశాడు, అడుగున రాగి టోపీ తొడిగాడు, తేనెమైనమూ కొవ్వూ కలిపి పట్టించాడు. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని. చేతులకు కళ్లున్నాయి అనేవాళ్లు ఊళ్లో.

అయితే సీసపు గుండుతో ఒక చిక్కుంది. రాగి కవచమున్న కొట్టు గుండుకు మందు దట్టించి నింపొచ్చు. వట్టి సీసానికి అలా నింపితే గుండు సరిగా పోదు, గొట్టం గోడలకు సీసం పూసుకుపోతుంది. అందుకని చురుగ్గా మండే మందు చిటికెడు వేస్తారు. తూటా ఇత్తడి తొడుగులో మూడో వంతు కూడా నిండదు. పొరపాటున దానిమీద ఇంకో కొలత పడ్డా పైకి పొర్లదు. గుండు బిగించేశాక బయటికి ఏమీ తెలియదు. తెలిసేది తుపాకీ బోల్టు వెనక చెంప ఆనించి మీట నొక్కినప్పుడే. అప్పుడు ఆ బోల్టు ఎటు వస్తుందో చెప్పక్కర్లేదు.

ఆ ప్రమాదానికి రూబెన్ తండ్రి ఒక లెక్క నేర్పి పోయాడు. చెక్క పలకలో అరవై గుంతలు, అరవై ఖాళీ తొడుగులు. అరవై కొలతల మందు ముందే తూచి పక్కన పెట్టుకోవాలి. చివరి తొడుగుతో మందు అయిపోవాలి. మిగిలిందంటే ఎక్కడో ఒకటి ఖాళీ. చాలలేదంటే ఎక్కడో ఒకదాంట్లో రెండు పడ్డాయి. శుక్రవారం రెండో పలకలో యాభై తొమ్మిదో తొడుగు దగ్గరే మందు అయిపోయింది. "ఎక్కడో రాలి ఉంటుందిలే" అనుకుని డబ్బాలోంచి ఇంకో కొలత తీసి అరవయ్యోది నింపాడు. టార్చి వేసి ఒక్కో తొడుగులోకి తొంగి చూడటం అలవాటే గాని, బ్యాటరీ చచ్చి మూడు వారాలు. కిటికీ వెలుగులో చూశాను చాల్లే అనుకున్నాడు. ఆ 'లే' దగ్గరే కొంపలు మునుగుతాయి.

ఎప్పుడు జరిగిందో కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. మూడో వరసలో ఉండగా పెల్కీ అవ్వ గుమ్మంలోకి వచ్చింది. గుడ్డలో చుట్టిన వేడి పాస్టీ, దుంపలు కూరిన రొట్టె, చేతిలో పెట్టింది. నా మనవళ్లకు మాంసం నీ చలవే నాయనా అంది. రూబెన్ లేచాడు, చేతులు తుడుచుకున్నాడు, నాలుగు మంచి మాటలు చెప్పించుకున్నాడు. కడుపు నిండినట్టయింది. తిరిగి కూర్చుని, నింపిన తొడుగు దగ్గర్నుంచే మొదలుపెట్టాడు.

ఏ ఇంటికి పోయిందో తెలియదు. రెండు పలకలవీ ఒకే పళ్లెంలో పోసి పంచాడు. తూచి పట్టుకుందామా అంటే తొడుగులు పది రకాలవి, ఒక్కోటి ఒక్కో బరువు. ఆ తేడాల్లో చిటికెడు మందు ఇట్టే దాక్కుంటుంది. అన్నీ వెనక్కి తెచ్చి, ఒక్కోటీ విప్పాల్సిందే. అంటే తొమ్మిది గుమ్మాలెక్కి, నేను మీ చేతికి చావును ఇచ్చానేమో అని తన నోటితో తనే చెప్పాలి.

మొదట పెల్కీ అవ్వ ఇంటికే పోయాడు.

"అవ్వా, నిన్న ఇచ్చిన తూటాలు ఇచ్చెయ్యి."

"ఇచ్చిన చేత్తోనే లాక్కుంటావేంట్రా? ఇదెక్కడి దానం?"

"ఒకదాంట్లో రెండు కొలతలు పడ్డాయి. ఏదో తెలీదు."

అవ్వ కళ్లద్దాలు పైకి తోసుకుంది. "ఎలా పడ్డాయి?"

"ఒళ్లు దగ్గర పెట్టుకోలేదు."

"నేనొచ్చినప్పుడేనా?"

రూబెన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పాస్టీ ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుండక చస్తుందా. పిండి నాదైనా పరువు నీది ఖర్చయింది." అవ్వ లోపలికి పోయి తూటాల పెట్టె తెచ్చింది. ఇవ్వలేదు, రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "మా ఆయన మీద గని కప్పు పడింది చూడు, ఆ దూలం పుచ్చిందని కంపెనీవాళ్లకు వారం ముందే తెలుసు. కాగితం మీద రాసుకున్నారు కూడా. మెట్లు దిగి వచ్చి ఒక్కడూ చెప్పలేదు. నువ్వొచ్చి చెప్పావు. పట్టుకుపో. నా మనవళ్ల కళ్లు నాకు మిగిలాయి."

తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చినవాడు రూబెన్. పెట్టె అందుకుని తలవంచి మెట్లు దిగాడు. అలా ఇంటింటా జరిగింది. ఒకడు నవ్వాడు, ఒకడు గొణిగాడు, ఒకావిడ ఆ పెట్టె తాకడానికే భయపడి గరిటెతో తోసింది. ఎవరూ తలుపు మాత్రం మొహాన వెయ్యలేదు. ఒకరికొకరు దిక్కుగా బతికే చోట తప్పు చెప్పుకున్నవాణ్ణి తన్నరు. తప్పు దాచినవాణ్ణి తంతారు.

యూనియన్ హాల్లో బల్ల వేశారు. తూటా విప్పే సుత్తి ఒకటుంది. దాని తలలో తూటా బిగించి చెక్క మీద కొడితే గుండు జారి బయటికి వస్తుంది, మందు రాలుతుంది. రూబెన్ కొట్టాడు, గిల్డో జానెట్టి మందు సాసర్లో పోసి త్రాసులో పెట్టాడు. గిల్డో పికెట్ పెద్ద, అంటే గేటు దగ్గర సమ్మె కాపలాకు నాయకుడు, పదిహేనేళ్లుగా రూబెన్‌తో ఒకే షిఫ్టులో ఒకే సొరంగంలో దిగినవాడు.

"ఒకటే కొలత."

సుత్తి దెబ్బ.

"ఒకటే. ఇంకా గట్టిగా కొట్టు, మీ అమ్మ నీకు అన్నం పెట్టలేదా?"

ఐదు గంటలకు నూట ఎనిమిది అయ్యాయి. అన్నిట్లో ఒక్కటే కొలత. ఎవరో రెండు టార్చి బ్యాటరీలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇంకెవరో అదే మందు, అవే గుండ్లు మళ్లీ కట్టడానికి కూర్చున్నారు. ఈసారి ఒకడు వేస్తే ఇద్దరు చూడాలని ఒప్పుకున్నారు. వేట పోలేదు ఎవరికీ.

"పదో పెట్టె ఎవరిది?" గిల్డో అడిగాడు.

"మా ఇంట్లోదే. అల్మారాలో ఉంది."

"అయితే బతికిపోయాం. పేలితే నీ మూతే పోయేది. దానికి పెద్ద నష్టమేం లేదు."

హాలంతా నవ్వింది. రూబెన్ కూడా నవ్వాడు. ఇంటికి నడుస్తుంటే పదమూడు వారాల్లో ఎప్పుడూ లేనంత తేలిగ్గా ఉంది. ఈ ఊరు తనది. ఈ మనుషులు తనవాళ్లు. దేవుణ్ణి పెద్దగా నమ్మేవాడు కాదు గాని, ఎవరికో ఒకరికి దండం పెట్టాలనిపించింది.

అల్మారాలో పెట్టె లేదు.

హిల్మా మధ్యాహ్నమంతా సమ్మె వంటశాలలో ఉండి అప్పుడే వచ్చింది. బంగాళాదుంపలు చెక్కుతోంది.

"తూటాల పెట్టె ఏదీ?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"సిగ్నికి. నిన్న సాయంత్రమే."

సిగ్ని స్కోగ్. ఆర్విడ్ స్కోగ్ భార్య. ఆ పేరు ఈ ఇంట్లో పలికి పదకొండేళ్లయింది. పంతొమ్మిది వందల నలభైతొమ్మిది సమ్మెలో తొమ్మిదో వారం, ఇంకొక్క వారం పట్టుబడితే గెలుస్తామన్నప్పుడు, ఆర్విడ్ గేటు దాటి పనిలోకి పోయాడు. స్కాబ్, సమ్మె తప్పినవాడు. ఇక్కడ ఆ మాట పడ్డవాడికి అది చర్మం లాంటిది, ఊడిరాదు. చర్చిలో అతని పక్కన ఎవరూ కూర్చోరు. కొట్టులో అతను వస్తే మాటలు ఆగిపోతాయి. రెండేళ్ల కింద ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము గడ్డకట్టింది. ఎవరికోసమైతే గేటు దాటాడో ఆ కంపెనీయే అతన్ని కఫం ఉమ్మినట్టు బయటికి ఉమ్మింది. యూనియన్ నిధిలో అతనికి దుంప ముక్క కూడా లేదు. అది న్యాయమే. గేటు దాటినవాడు పక్కవాడి బిడ్డ కంచంలోంచి ముద్ద తీసినవాడే. ఆ విషయంలో రూబెన్‌కు రెండో మాట లేదు.

"స్కాబ్ ఇంటికి నా తూటాలా?"

హిల్మా చెక్కడం ఆపలేదు. "నలభైతొమ్మిదిలో నువ్వు జైల్లో ఉన్నావు. నలభై రోజులు. తిరిగొచ్చాక ఏమడిగావు నన్ను?"

"పిల్లలు ఇంత పుష్టిగా ఎలా ఉన్నారని."

"నేనేం చెప్పాను?"

"యూనియన్ వాళ్లు మాంసం తెచ్చారని."

"యూనియన్ వాళ్లు కరపత్రాలు తెచ్చారు." హిల్మా కత్తి తుడిచింది. "మాంసం మెట్ల మీద ఉండేది. శనివారం శనివారం, తెల్లారేసరికి, గోనెపట్టాలో చుట్టి. మూడోసారి కాపు కాశాను. సిగ్ని. భుజం మీద దుప్పి ముందుకాలు. ఆర్విడ్ పంపాడు, మీ ఆయనకు చెప్పొద్దు, తెలిస్తే వీధిలో పారేస్తాడు, అంది."

"పారేసేవాణ్ణే."

"తెలుసు. అందుకే చెప్పలేదు. సగం గిల్డో ఇంటికి పంపాను. వాళ్ల చిన్నపిల్ల అప్పుడు ఎముకల గూడు." ఆమె మొదటిసారి తలెత్తింది. "పదకొండేళ్లు, రూబెన్. చర్చిలో ఎదురైనప్పుడల్లా నేను మొహం తిప్పుకున్నాను, ఊరితో పాటు. మన పిల్లల్ని బతికించిన మనిషికి మొహం చూపించలేదు. నిన్న కొట్టు దగ్గర కనిపించింది. తూటాల ధర అడిగి, ఏం కొనకుండా వెళ్తోంది. మొగుడు కొండెక్కలేడు. వేటకు అదే పోవాలి. నేనింక ఓర్చుకోలేకపోయాను."

"హిల్మా. ఆ రెండు కొలతలది ఆ పెట్టెలో ఉంది."

కత్తి దుంపలో సగం దిగి ఆగిపోయింది.

స్కోగ్ ఇంటి వసారాలో ఆర్విడ్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మోకాళ్ల మీద కంబళి. ఊపిరి తీస్తుంటే లోపల గులకరాళ్లు కదిలినట్టు చప్పుడు. యాభై దాటని మనిషి డెబ్భై ఏళ్లవాడిలా ఉన్నాడు. తన గనిలోని దుమ్మే అది, రూబెన్ అనుకున్నాడు. తన ఊపిరితిత్తుల్లోనూ ఉన్నదే.

"ఎవరది?"

"ట్రెలోర్."

"ఈ మెట్లు ఎక్కడున్నాయో గుర్తుందే నీకు."

"సిగ్ని ఎక్కడ?"

"కొండమీద. మధ్యాహ్నమే పోయింది, మా డొక్కు ట్రక్కు వేసుకుని. తెల్లారేసరికి గుట్ట మీద కాపు ఉండాలని." ఆర్విడ్ ఊపిరి తీసుకున్నాడు. "గుండ్లు బాగా పోశావు. ముడత లేదు, అంచు కత్తిలా ఉంది. చూసి మురిసిపోయింది అది. ఇలాంటివి ఇచ్చిన ఇంటికి ఒక తొడ పంపాలి అంది."

రూబెన్ నిలబడే చెప్పాడు. కొలత సంగతి, యాభై తొమ్మిది సంగతి, విప్పిన నూట ఎనిమిది సంగతి. ఏదీ కప్పిపుచ్చలేదు. ఆర్విడ్ వింటూ కంబళి అంచు నలిపాడు.

"నన్ను తిట్టు," రూబెన్ అన్నాడు.

"తిట్లకు ఖర్చుపెట్టేంత ఊపిరి లేదు నా దగ్గర. ఉన్నది దారికి కావాలి. నీ ట్రక్కు నడుస్తుందా?"

"నడుస్తుంది. గుడారం ఎక్కడ వేస్తుందో చెప్పు."

"చెప్తే దొరకదు. పద్దెనిమిది మైళ్లు బండిదారి, మూడుచోట్ల చీలుతుంది. ఆపైన నాలుగు మైళ్లు కాలిదారి. బండి పోయినంత మేర నేను చూపిస్తా. అక్కణ్ణుంచి దాని పేరు అరుస్తూ పో. చీకట్లో మనిషి అలికిడైతే ముందు తుపాకీ ఎత్తుతుంది, అదొకటి గుర్తుపెట్టుకో."

రూబెన్ అతన్ని లేపి పట్టుకున్నాడు. బరువు లేదు. ఆరు మెట్లకు రెండుసార్లు ఆగారు.

"ఆర్విడ్. ఆ మాంసం సంగతి హిల్మా ఇవాళే చెప్పింది."

"ఏ మాంసం?"

"నా పిల్లలు తిన్నది."

ఆర్విడ్ ట్రక్కు తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "గేటు దాటింది కూడా నేనే. అది మరిచిపోకు. ఆ మాంసంతో ఇది కడుక్కుపోదు."

"కడుక్కుపోదు," రూబెన్ అన్నాడు. "అయినా నీకు దండం పెట్టాలి నేను. పదకొండేళ్లు ఆలస్యమైంది."

"ముందు బండి తియ్యి. దండాలు అది దిగొచ్చాక పెడుదువుగాని."

కొండకు ఉన్నది ఒక్కటే దారి, గని గేటు ముందు నుంచి. చీకటి పడుతోంది. పీపాలో మంట వేసుకుని ముప్పై మంది పికెట్ మీద ఉన్నారు. దారికి అడ్డంగా దూలం. హాల్లోంచి గిల్డో అప్పుడే వచ్చి కాపలా అందుకున్నాడు. ట్రక్కును చూసి చెయ్యెత్తి, నవ్వుతూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"దొరికిందా నీ దొంగ తూటా?"

టార్చి వెలుగు పక్క సీటు మీద పడింది. హాల్లో పోగైన ఆ కొత్త బ్యాటరీల వెలుగు తెల్లగా, గట్టిగా ఉంది. గిల్డో నవ్వు అలాగే ఉండి, లోపల ఏదో ఆరిపోయింది.

"ఎవడు వీడు?"

"నీకు తెలుసు ఎవరో."

"నీ నోటితో చెప్పు."

"ఆర్విడ్ స్కోగ్. ఆ తూటా సిగ్ని దగ్గరుంది, కొండమీద. దారి ఇతనికే తెలుసు. దూలం తియ్యి గిల్డో, టైము లేదు."

మంట చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు. పోయిన మంగళవారం ఇలాగే జబ్బు మనిషిని తీసుకెళ్తున్నామని చెప్పి, కంబళి కింద మేస్త్రీని లోపలికి దాటించింది కంపెనీ. ఆ మర్నాడే హాల్లో తీర్మానం చేశారు. ఒక్కసారి గేటు దాటినవాడు ఏ బండిలోనూ, ఏ కారణం చేతనూ ఈ పికెట్ దాటకూడదు. సిగ్ని ఎన్నడూ గేటు దాటలేదు గనక మధ్యాహ్నం ఆమెను పోనిచ్చారు.

"తీర్మానం పెట్టిందెవరు?" గిల్డో అడిగాడు.

"నేనే."

"చేతులెత్తింది?"

"అందరూ."

"మరి? వాణ్ణి దింపు. నువ్వు పో. నీకోసం దూలం నా చేత్తో తీస్తా."

"దారి నాకు తెలియదంటున్నా. పొద్దున ఒక ఆడమనిషి మొహం పేలిపోతుంది, నా చేతి పని వల్ల. నీకు అర్థం కావడం లేదా?"

"అర్థమైంది. స్కాబ్ పెళ్లానికి నీ తూటా ఎలా పోయిందో అదొక్కటే అర్థం కాలేదు."

అబద్ధం చెప్పొచ్చు. దొంగిలించారనొచ్చు. రూబెన్ ఇవాళంతా నిజమే చెప్పుకుంటూ తిరిగాడు, చెప్పిన ఏ చోటా జనం అతన్ని కాదనలేదు. ఆ ధైర్యంతోనే ఇక్కడా నోరు విప్పాడు.

"నలభైతొమ్మిదిలో నేను జైల్లో ఉన్నప్పుడు నా పిల్లలు తిన్న మాంసం ఇతను పంపిందే. ఆరు వారాలు. దానికి బదులుగా హిల్మా ఇచ్చింది. మేం రుణపడి ఉన్నాం గిల్డో. నువ్వు కూడా. సగం మీ ఇంటికే వచ్చింది."

పీపాలో కట్టె విరిగింది. గిల్డో టార్చి దించాడు, మళ్లీ ఎత్తాడు, ఈసారి రూబెన్ మొహం మీదికి.

"మా లూచియా తిన్నది వీడి మాంసమా?"

"లూచియా బతికింది దానితోనే."

"పదకొండేళ్లు." గిల్డో గొంతు చాలా చిన్నగా వచ్చింది. "పదకొండేళ్లు వీడి గుమ్మం ముందు ఉమ్మేసి పోయాను నేను. రోజూ. నా బిడ్డ చెయ్యి పట్టుకుని, ఇదిగో ఇలా ఉమ్మాలి అని నేర్పాను."

చెయ్యి కిటికీలోంచి లోపలికి వచ్చింది. రూబెన్ పట్టుకునేలోగా ఇంజను తాళం చెవి తిరిగి, ఊడి, గిల్డో పిడికిట్లోకి పోయింది. ట్రక్కు ఒక్క కుదుపు కుదిపి చచ్చింది.

"ఎవ్వరూ ఎక్కడికీ పోరు," గిల్డో అన్నాడు. "నేను ఆలోచించుకోవాలి."

అవతలి పక్క తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

ఆర్విడ్ ముందు ఒక కాలు దించాడు, తర్వాత రెండోది. కంబళి సీటు మీదే వదిలేశాడు. ట్రక్కు ముందు రేకు పట్టుకుని మెల్లగా చుట్టూ వచ్చాడు. దూలం కింద నుంచి వంగి అవతలికి దూరాడు. ముప్పై మందిలో ఒక్కడూ అతన్ని ముట్టుకోలేదు, ఒక్కడూ పక్కకు తప్పుకోనూ లేదు. వాళ్ల మధ్య నుంచే పోయాడు.

"ఎక్కడికి పోతున్నాడు వీడు?" ఎవరో అడిగారు.

"పెళ్లాం దగ్గరికి," రూబెన్ అన్నాడు. అప్పటికే అతనూ దిగాడు.

ఇరవై రెండు మైళ్లు, అంతా ఎగువ. తెల్లారడానికి పదమూడు గంటలు. ఆర్విడ్ తొమ్మిది అడుగులు వేసి ఆగాడు, మోకాళ్ల మీద చేతులు ఆన్చి దగ్గాడు. మంట వెలుగు అతని వీపు దాకా వచ్చి ఆగిపోయింది. దగ్గు తగ్గాక పదో అడుగు వేశాడు, దాని వెంట పదకొండోది.

తాళం చెవి చుట్టూ గిల్డో పిడికిలి ఇంకా మూసే ఉంది.